ఒరిగిన ట్యాంకు, విరిగిన ట్రైలర్: ప్రమాద డయోరమాకు ఏ ఘటనను ఎంచుకోవాలి?

స్కేల్ మోడలింగ్‌లో, అంటే అసలు బండ్ల చిన్న నమూనాలు కట్టే పనిలో, కొన్నేళ్లు గడిచాక చాలామందికి ఒక అసంతృప్తి మొదలవుతుంది. ట్యాంకును చదునైన బేస్ మీద పెట్టి, చక్రాల చుట్టూ తిరిగే ట్రాక్ గొలుసులకు కాస్త బురద పూసి, పక్కన ఇద్దరు సైనికులను నిలబెడితే ఇక చాలదనిపిస్తుంది. అప్పుడు మనసు ప్రమాదాల వైపు పోతుంది. ట్రైలర్ మీంచి జారి కాలువలోకి ఒరిగిన ట్యాంకు, ఆకాశం నుంచి పడి అప్పడమైపోయిన హమ్వీ అనే అమెరికన్ సైనిక బండి, సముద్రం అడుగున 80 ఏళ్లుగా పడివున్న తుపాకీ బండి. యుద్ధ వాహనాలను ఒకచోటు నుంచి ఇంకోచోటుకు తరలించేటప్పుడు జరిగిన ప్రమాదాల్లో డయోరమాకు, అంటే నమూనాలతో బేస్ మీద కట్టే దృశ్యానికి, పనికొచ్చేవి చాలానే ఉన్నాయి. ఏది మొదలుపెట్టాలన్న దగ్గరే తికమక. కిట్ కొనేసి, సగం కట్టాక "ఈ సీన్ కుదరదు" అని అటక ఎక్కించినవాళ్లు మన చుట్టూ తక్కువేం లేరు.

ఇక్కడ ఐదు దారులను పక్కపక్కన పెట్టి చూద్దాం. నాలుగు నిజంగా జరిగినవి, ఒకటి మనం ఊహించుకుని కట్టేది. నా అభిప్రాయం ముందే చెప్తాను. ఘటన ఎంత పెద్దదన్నది పక్కన పెట్టండి. అది ఎందుకు జరిగిందో బేస్ మీద చూపించగలిగితేనే దాన్ని ఎంచుకోండి. చూసేవాళ్లు పక్కన రాసిన కాగితం చదవకుండానే "ఓహో, ఈ అంచు కుంగింది, అందుకే ఒరిగింది" అనుకోగలగాలి. అది లేకపోతే ఎంత బాగా పెయింట్ చేసినా, ఎవరో కిట్‌ను పక్కకు పడుకోబెట్టినట్టే ఉంటుంది.

ముందు చూసుకోవాల్సినవి

కారణం సంగతి చెప్పాను కదా. దాని తర్వాత నేను చూసేది ప్రాణనష్టం. ఎవరూ చనిపోని ఘటన ఒకటి, ఐదుగురు చనిపోయిన ఘటన ఒకటి. రెండిటినీ ఒకే ఉత్సాహంతో బేస్ మీద పెట్టలేం. 2024 జూన్ చివర్లో తూర్పు లద్దాఖ్‌లో, దౌలత్ బేగ్ ఓల్డీ వైపు, శిక్షణలో ఉన్న టి-72 ట్యాంకు రాత్రివేళ నది దాటుతుండగా నీరు ఒక్కసారిగా పెరిగి ఐదుగురు సైనికులు చనిపోయారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లే. టి-72 కిట్ దొరుకుతుంది, నదిని రెజిన్‌తో (పోశాక గాజులా గట్టిపడే ద్రవం) పోయవచ్చు, పని పరంగా అడ్డేమీ లేదు. అయినా నేను దీన్ని ఈ జాబితాలో పెట్టలేదు. ఆ ఇళ్లలో దుఃఖం ఇంకా పచ్చిగానే ఉంది. మిలటరీ మాధవరం లాంటి ఊళ్లున్న రాష్ట్రం మనది. ఎగ్జిబిషన్‌కు వచ్చినవాళ్లలో ఎవరి అన్న, ఎవరి కొడుకు సైన్యంలో ఉన్నాడో మనకు తెలీదు. ఎన్నేళ్లు ఆగాలన్నదానికి లెక్కేమీ లేదు. చనిపోయినవారి తల్లిదండ్రులు, భార్యాబిడ్డలు ఆ బల్ల ముందు నిలబడితే మనం తల దించుకోకుండా మాట్లాడగలమా అని అడిగి చూసుకుంటే సమాధానం దానంతటదే వస్తుంది.

మూడోది ఆధారాలు. వీడియో ఉందా, విచారణ నివేదిక వచ్చిందా, వాహనం ఇప్పటికీ ఎక్కడైనా చూడగలిగేలా ఉందా? ఒకే ఒక్క మసక ఫొటోను నమ్ముకుని దిగితే మిగతా మూడు వైపులా ఊహే అవుతుంది. ఊహ తప్పు కాదు, కానీ అప్పుడు ఘటన పేరు తగిలించకూడదు.

నాలుగోది చోటు, ఖర్చు. ట్యాంకులను మోసుకెళ్లే పెద్ద ట్రాన్స్‌పోర్టర్ లారీల కిట్లన్నీ మనకు దిగుమతి సరుకే. కస్టమ్స్ సుంకం, రవాణా కలిపితే పెట్టె మీది ధరకూ చేతికొచ్చే ధరకూ పొంతన ఉండదు. పైగా 1/35లో (అసలు బండిలో 35వ వంతు) ట్రాక్టరూ, అంటే ముందు లాగే లారీ, ట్రైలరూ కలిస్తే మామూలు షోకేసు అరలో పట్టదు. కొనేముందు అర పొడవు టేపు పెట్టి కొలుచుకోండి.

చివరిది చేతి పని. చెక్కుచెదరని వాహనం కట్టడం వేరు, దెబ్బతిన్న వాహనం కట్టడం వేరు. ప్లాస్టిక్‌ను వేడిచేసి వంచితే కరిగిన మైనంలా కనబడుతుంది తప్ప సొట్టపడ్డ రేకులా కనబడదు. లోహం ఎలా వంగుతుందో, ఫైబర్ ఎలా పగులుతుందో, రబ్బరు ఎలా చిరుగుతుందో ఒక్కోదాన్ని విడిగా గమనించాలి.

మొదటి దారి: రోడ్డు పక్కకు ఒరిగిన ట్రాన్స్‌పోర్టర్

ఇది ఊహించి కట్టే సీను. ఫలానా ఘటన అని చెప్పం కాబట్టి స్వేచ్ఛ ఎక్కువ. కొత్తగా ఈ రకం డయోరమాలోకి వచ్చేవాళ్లకు దీన్నే ముందు చెప్తాను.

రెండో ప్రపంచ యుద్ధ కాలం కావాలంటే టామియా 1/35లో తెచ్చిన అమెరికన్ 40 టన్నుల డ్రాగన్ వ్యాగన్ ఉంది. ఎం26 ట్రాక్టరు, ఎం15 ట్రైలరు కలిసి సుమారు అర మీటరు పొడవు వస్తుంది. 1/72లో హసెగావా వాళ్లదీ ఉంది, అది అందులో సగమే. ఈ కాలం బండి కావాలంటే హాబీబాస్ 1/35లో ఇచ్చిన ఎం1070 ట్రాక్టరు, ఎం1000 ట్రైలరు. ఆ ట్రైలర్ ఒక్కదానికే 40 టైర్లు. కట్టేవాళ్ల ఓపికను పరీక్షించే కిట్ అది, పూర్తయ్యాక అర మీటరు దాటి ఇంకా ముందుకు పోతుంది. రష్యన్ బండ్లు ఇష్టమైతే ట్రంపెటర్ మాజ్-537 ఉంది. చోటు లేనివాళ్లకు 1/72లో రెవెల్ వాళ్ల ఎలిఫాంట్ ట్రాన్స్‌పోర్టరూ, లెపర్డ్ ట్యాంకూ కలిసి ఒకే పెట్టెలో వచ్చాయి.

ఇందులో కారణాన్ని చూపించడం తేలిక. బరువైన ట్రైలర్లు సాధారణంగా ఎందుకు ఒరుగుతాయి? ఎదురుగా వచ్చే బండికి దారి ఇవ్వబోయి డ్రైవర్ తారు రోడ్డు అంచు దాటిస్తాడు. అంచు పక్కనున్న మెత్తటి మట్టి కుంగుతుంది. అటువైపు చక్రాలు దిగబడగానే, ఎత్తులో ఉన్న ట్యాంకు బరువంతా అటే వాలుతుంది. ఈ వరుసంతా నేల మీద గుర్తులుగా చెక్కవచ్చు. ముందు తారు మీద తేలికైన టైరు చారలు, తర్వాత అంచు విరిగిన చోటు, ఆ తర్వాత మెత్తటి మట్టిలో అడుగడుక్కీ లోతయ్యే గాడి. గాడి లోతు మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటే బండిని క్రేన్‌తో తెచ్చి పెట్టినట్టుంటుంది.

ఏ వైపుకు ఒరగాలన్నది కూడా ఆలోచించాలి. మన దేశంలోనూ బ్రిటన్‌లోనూ బండ్లు ఎడమవైపు నడుస్తాయి, కాబట్టి మెత్తటి అంచు ఎడమ చేతి వైపు. ఫ్రాన్స్, జర్మనీ రోడ్లయితే కుడివైపు. 1944 నాటి ఫ్రాన్స్ అని చెప్పి ట్రైలర్‌ను ఎడమ కాలువలో పడేస్తే, దాని వెనక ఇంకో కథ చెప్పాల్సి వస్తుంది.

ట్యాంకును ట్రైలర్‌కు కట్టే గొలుసుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ సీనుకు ప్రాణం అక్కడే ఉంది. ట్యాంకు ఎడమవైపుకు జారిందనుకోండి. కుడివైపు గొలుసులు బిగుసుకుని, తెగేదాకా లాగబడతాయి. ఎడమవైపువి వదులై ట్రైలర్ పలకల మీద కుప్పపడతాయి. చాలా డయోరమాల్లో రెండు వైపులా ఒకేలా వేలాడుతుంటాయి, అది చూడగానే తెలిసిపోతుంది. కుడివైపు ఒకటి తెగినట్టు చూపండి, దాని పక్కది తీగలా నిటారుగా ఉంచండి. గిల్టు నగల దుకాణంలో దొరికే సన్నటి గొలుసు సరిపోతుంది, కానీ ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. నగల గొలుసుల్లో చాలావాటికి లింకులు మెలితిప్పి చదునుగా ఉంటాయి. మనకు కావాల్సింది మామూలు కోడిగుడ్డు ఆకారపు లింకు, ఒకటి నిలువు ఒకటి అడ్డం పడేది. 1/35కు లింకు పొడవు మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటే చాలు.

ట్యాంకు పూర్తిగా పక్కకు పడితే ఇంకో సంగతి. నేల మీద నిలబడ్డప్పుడు బరువు వల్ల చక్రాల చేతులు (చక్రాలను ట్యాంకు పొట్టకు కలిపే కడ్డీలు) పైకి నొక్కుకుని ఉంటాయి. చాలా కిట్లలో వాటిని ఆ స్థితిలోనే పోతపోస్తారు. బరువు లేకపోతే ఆ చేతులు కిందికి సాగిపోతాయి. కాబట్టి ప్రతి చేతినీ కోసి కొత్త కోణంలో అంటించాలి. అది చేయలేమనుకుంటే ట్యాంకును సగం ఒరిగినట్టే ఉంచండి, 20 డిగ్రీల వాలుకు ఈ తంటా అంతగా ఉండదు. నూనె మరకలదీ అదే లెక్క. ఒరిగాక కారిన నూనె ఇప్పటి నేల వైపుకు కారుతుంది, ఒరగకముందు నాటి పాత మరకలు ట్యాంకు అడుగు వైపుకు ఉంటాయి. ఒకే పలక మీద రెండు దిక్కుల్లో రెండు మరకలు పెడితే, ఇది ఇందాకే జరిగిందని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

మన దేశపు సీను కావాలనుకునేవాళ్లకు ఒక మాట. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే శరత్ నిజానికి మన బీఎంపీ-2నే. జ్వెజ్దా 1/35లో బీఎంపీ-2 కిట్ ఇస్తోంది. బరువు ట్యాంకులో మూడో వంతు కాబట్టి ట్రైలర్ కూడా చిన్నది చాలు, దాన్ని ప్లాస్టిక్ షీట్‌తో సొంతంగా కట్టుకోవచ్చు. మైలురాయి, వేపచెట్టు, టీ బంకు చేరిస్తే దిగుమతి కిట్ల ఖర్చు లేకుండా మన రోడ్డు బేస్ మీదికి వస్తుంది. రిఫరెన్స్ కోసం మాత్రం సైనిక స్థావరాల దగ్గర, కాన్వాయ్‌ల వెంట కెమెరా పట్టుకుని తిరగకండి. మ్యూజియంలు, రిపబ్లిక్ డే పరేడ్ దృశ్యాలు సరిపోతాయి.

రెండో దారి: హోహెన్‌ఫెల్స్‌లో పడ్డ హమ్వీలు

2016 ఏప్రిల్ 11న జర్మనీలోని బవేరియాలో, హోహెన్‌ఫెల్స్ శిక్షణ ప్రాంతంలో, సేబర్ జంక్షన్ అనే విన్యాసంలో అమెరికన్ సైన్యం విమానాల నుంచి వాహనాలనూ సరుకునూ పారాచూట్లతో జారవిడిచింది. అందులో మూడు హమ్వీల పారాచూట్లు విడిపోయి, అవి నేరుగా నేలను ఢీకొట్టాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వీడియో ప్రపంచమంతా తిరిగింది. తర్వాత విచారణ జరిగి, ఈ నష్టానికి ఒక సార్జెంట్‌ను సైనిక కోర్టు దోషిగా తేల్చింది. అంటే ఖచ్చితంగా మాట్లాడితే ఇది యాదృచ్ఛికంగా జరిగిన ప్రమాదం కాదు. నేమ్‌ప్లేట్ మీద ఏం రాయాలో ఆలోచించేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

ఐదింట్లో నాకు బాగా నచ్చేది ఇదే. ప్రాణనష్టం లేదు, వీడియో ఆధారం ఉంది, హమ్వీ కిట్లు అన్ని స్కేళ్లలోనూ ఉన్నాయి: 1/35లో టామియా, అకాడమీ, ఇటాలెరి, 1/48లో టామియా, 1/72లో కూడా. ఖర్చు ట్రాన్స్‌పోర్టర్ కిట్‌తో పోలిస్తే చాలా తక్కువ.

చిక్కు కారణం దగ్గర వస్తుంది. పారాచూట్ ఎక్కడో ఎగిరిపోయింది, బేస్ మీద నలిగిన బండి ఒక్కటే ఉంటే ఏమైందో ఎవరికి తెలుస్తుంది? మందుపాతర పేలిందనుకుంటారు. దీనికి నేను చెప్పే ఉపాయం, రెండు హమ్వీలు పెట్టడం. ఒకటి క్షేమంగా దిగి, ప్లాట్‌ఫాం (జారవిడిచేటప్పుడు బండి కింద ఉండే పలక) మీద కట్లతో నిలబడి ఉంటుంది, దాని పారాచూట్ పక్కన గడ్డి మీద పరుచుకుని ఉంటుంది. కొద్ది దూరంలో రెండోది అదే ప్లాట్‌ఫాంతో సహా నలిగిపోయి ఉంటుంది, దాని దగ్గర పారాచూట్ లేదు. చూసేవాళ్లు రెండిటినీ పోల్చుకుని, లేనిదేమిటో వాళ్లే కనిపెడతారు.

దీనికి 1/72 మంచిది. కారణం లెక్కల్లోనే ఉంది. అమెరికన్ సైన్యం భారీ సరుకుకు వాడే జీ-11 పారాచూట్ వ్యాసం 100 అడుగులు, అంటే 30 మీటర్ల పైమాటే. 1/35లో అది 87 సెంటీమీటర్ల గుడ్డ అవుతుంది. ముడతలుపడి కుప్పగా పడ్డా బండిని మింగేస్తుంది. 1/72లో 42 సెంటీమీటర్లు, మడతలు పెడితే అరచేయంత చోటులో సర్దుకుంటుంది. గుడ్డకు బదులు బహుమతులు చుట్టే పల్చటి టిష్యూ కాగితాన్ని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో తడిపి పరిస్తే మడతలు బాగా నిలుస్తాయి.

నలిగిన హమ్వీ చేయడంలో ఒక రహస్యం ఉంది. ఆ బండి శరీరం అల్యూమినియం రేకులను రివెట్లతో కుట్టి చేసినది, బానెట్ మాత్రం ఫైబర్. కాబట్టి తలుపుల పక్కన రేకు సొట్టపడాలి, మడత పడాలి. బానెట్ సొట్టపడకూడదు, పగిలి ముక్కలవ్వాలి, అంచుల్లో నారలు తేలాలి. రేకు భాగాలకు కిట్ ప్లాస్టిక్‌ను కోసేసి, హోటల్ పార్శిల్ అల్యూమినియం డబ్బా రేకు పెట్టండి, వేలితో నొక్కితే అచ్చం అలాగే వంగుతుంది. బానెట్‌కు పల్చటి ప్లాస్టిక్ షీట్ విరిచి, విరిగిన అంచును ఇసుక కాగితంతో గరుకు చేస్తే చాలు. ఈ రెండు పదార్థాల తేడా చూపించగలిగితే సగం పని అయిపోయినట్టే.

ప్లాట్‌ఫాంకూ బండికీ మధ్య తేనెతుట్టెలాంటి గదులున్న కాగితపు దిమ్మెలు పెడతారు, దిగేటప్పుడు అవి నలిగి దెబ్బను మింగుతాయి. క్షేమంగా దిగిన బండి కింద అవి కొద్దిగా నలగాలి, పడిపోయినదాని కింద పూర్తిగా చదునైపోయి, పక్కలకు చీలికలుగా చిమ్ముకోవాలి. గోధుమరంగు ప్యాకింగ్ కాగితాన్ని పొరలుగా అంటించి, అంచులను బ్లేడుతో గీస్తే ఆ దిమ్మెలు తయారవుతాయి.

మూడో దారి: సెల్సీ తీరంలో మునిగిన సెంటార్లు

1944 జూన్ 5 సాయంత్రం ఇంగ్లండ్ నుంచి ఫ్రాన్స్‌లోని నార్మండీకి బయల్దేరిన పడవల్లో, ట్యాంకులను ఒడ్డుకు చేర్చే ఎల్‌సీటీ(ఏ) 2428 ఒకటి. అందులో రెండు సెంటార్ ట్యాంకులు, రెండు సాయుధ బుల్డోజర్లు, ఒక జీపు ఉన్నాయి. దారిలో ఇంజిన్ మొరాయించింది. జాంటీ అనే టగ్ (ఓడలను లాగే పడవ) వచ్చి లాక్కెళ్తుండగా పడవ బోల్తాపడి, సరుకంతా సముద్రంలో జారిపోయింది. సిబ్బందిని కాపాడారు. తలకిందులుగా తేలుతున్న పడవ మిగతా ఓడలకు అడ్డమని టగ్గే దాన్ని కాల్చి ముంచేసింది. అందుకే పడవ ఒకచోట, వాహనాలు కొన్ని కిలోమీటర్ల దూరంలో ఇంకోచోట ఉన్నాయి. సెల్సీ తీరానికి దూరంగా, సుమారు 20 మీటర్ల లోతులో ఆ ట్యాంకులు ఈనాటికీ ఉన్నాయి. డైవర్లు చూసి వస్తుంటారు. 2019లో వాటిని రక్షిత స్మారకాలుగా ప్రకటించారు.

మనసును పట్టి లాగే కథ ఇది. నార్మండీ ఒడ్డున పేల్చాల్సిన తుపాకులు ఒక్క గుండు కూడా పేల్చకుండా నీళ్లలో పడ్డాయి. టామియా 1/35లో సెంటార్ కిట్ ఉంది, 95 మిల్లీమీటర్ల హోవిట్జర్‌తో. రాయల్ మెరీన్ల సెంటార్ల టరెట్ చుట్టూ దిక్సూచిలా డిగ్రీల గీతలు ఉండేవి, పడవ మీది నుంచే కాల్చేటప్పుడు గురిచూపు కోసం. నీటి అడుగున ట్యాంకు చేసినా, తుప్పు వెనక ఆ తెల్ల గీతల ఆనవాలు ఒకటి రెండు మిగల్చండి. అది ఎవరి ట్యాంకో గుర్తుపట్టేవాళ్లు దాన్ని బట్టే గుర్తుపడతారు.

ఇక్కడ ఎంచుకోవాల్సిన క్షణాలు రెండున్నాయి. పడవ ఒరుగుతున్న క్షణం చేయాలంటే 1/35లో ఎల్‌సీటీని సొంతంగా కట్టాలి, అది ఒక మీటరు దాటే పని. అనుభవం బాగా ఉన్నవాళ్లు కూడా రెండు సార్లు ఆలోచించాలి. నీటి అడుగు సీనుకు ఒక్క ట్యాంకు, ఒక బుల్డోజర్ చాలు. సాయుధ డీ7 బుల్డోజర్ 1/35లో మినీఆర్ట్ వాళ్లది దొరుకుతుంది. కారణం కోణంలో మాత్రం ఇది బలహీనం. సముద్రం అడుగున ఉన్న ట్యాంకును చూస్తే టార్పెడో దెబ్బా, తుఫానా, ఇంజిన్ చెడిందా ఏదీ తెలీదు. ఇది ఎందుకు జరిగిందో చెప్పే బేస్ కాదు, ఆ తర్వాత గడిచిన కాలాన్ని చూపించే బేస్. అది ఇష్టమైతేనే దిగండి.

రెజిన్ పోసేటప్పుడు మన ఎండలు గుర్తుంచుకోవాలి. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు దానంతటదే వేడెక్కుతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో మందంగా ఒక్కసారే పోస్తే పసుపెక్కి పగుళ్లు వస్తాయి. నాలుగైదు మిల్లీమీటర్ల పొరలుగా, ఒకటి ఆరాక ఇంకొకటి, వీలైతే చలికాలంలో పోయండి. రంగు లేత నీలం కాకుండా బూడిద కలిసిన ఆకుపచ్చ కావాలి, ఇంగ్లిష్ ఛానల్ నీళ్లు అలాగే ఉంటాయి. అక్వేరియం దుకాణంలో దొరికే ఎర్రటి పగడాలు పెట్టకండి, అవి ఆ సముద్రంలో ఉండవు.

నాలుగో దారి: ఫోర్స్ట్ జిన్నా, రైలు పట్టాల మీద ట్యాంకు

1988 జనవరి 19న అప్పటి తూర్పు జర్మనీలో, డ్రైవింగ్ నేర్చుకుంటున్న సైనికుడు నడిపిన సోవియట్ టి-64 రైలు పట్టాల మీద ఆగిపోయింది. ఎక్స్‌ప్రెస్ రైలు వచ్చి ఢీకొట్టింది. ఆరుగురు చనిపోయారు, 33 మంది గాయపడ్డారు. ఖచ్చితంగా ఇది వాహనాన్ని తరలిస్తుండగా జరిగినది కాదు, కానీ పోలికకు దగ్గరగా ఉంది కాబట్టి చాలామంది దీని గురించి అడుగుతుంటారు.

చేయొద్దనే చెప్తాను. ట్రంపెటర్ టి-64ను 1/35లో ఇస్తుంది కానీ ఆ రైలింజన్ ఆ స్కేల్లో లేదు. ఇంజన్ కోసం 1/87కు వెళ్తే ట్యాంకు బొటనవేలంత అవుతుంది. ఢీకొన్న క్షణం చేస్తే చావులను బొమ్మలాట చేసినట్టుంటుంది. రైల్వే మోడలింగ్ ఎప్పటి నుంచో చేస్తూ, 1/87 పట్టాలూ స్టేషన్లూ ఇంట్లో ఉన్నవాళ్లు మాత్రం ఢీకొనడానికి ముందు ఘడియను చేయవచ్చు: పట్టాల మీద ఆగిన ట్యాంకు, హ్యాచ్ తెరిచి దిగుతున్న సైనికుడు, రైలు ఇంకా కనబడదు.

ఐదో దారి: బగ్రామ్ విమానం

2013 ఏప్రిల్ 29న అఫ్గానిస్థాన్‌లోని బగ్రామ్ నుంచి దుబాయ్‌కి బయల్దేరిన బోయింగ్ 747 సరుకు విమానం గాల్లోకి లేచిన కొద్ది క్షణాలకే కూలింది. ఏడుగురు సిబ్బందీ చనిపోయారు. లోపల ఐదు సాయుధ వాహనాలున్నాయి: సుమారు 12 టన్నుల ఎం-ఏటీవీలు రెండు, 18 టన్నుల కూగర్లు మూడు. అమెరికా రవాణా భద్రతా బోర్డు విచారణలో తేలింది ఇది. వాహనాలను సరిగా కట్టలేదు. కనీసం ఒకటి వెనక్కి జారి, రెండు హైడ్రాలిక్ వ్యవస్థలనూ, తోకలోని స్టెబిలైజర్‌ను కదిలించే మరనూ దెబ్బతీసింది. ఆ తర్వాత విమానాన్ని అదుపు చేయడం పైలట్ల చేతిలో లేదు.

కూలిన విమానం చేయకండి. అందరూ చూసిన వీడియో ఉంది కదా అని చేయాలనిపించినా వద్దు. కానీ కారణం ఇంత స్పష్టంగా, ఇంత వివరంగా బయటపడ్డ ఘటన ఈ ఐదింట్లో ఇంకొకటి లేదు, దాన్ని వదిలేయడం కూడా నాకు ఇష్టం లేదు. అందుకే చెప్తున్నా, విమానం లోపలి నేల ముక్క ఒకటి చేయండి. ప్యాలెట్ మీద ఒక కూగర్, దాని చుట్టూ పట్టీలు. 1/35లో మెంగ్ కూగర్ కిట్ ఉంది, 40 సెంటీమీటర్ల బేస్ చాలు. పగిలిన వస్తువు ఒక్కటి కూడా అక్కర్లేదు. పట్టీ నిటారుగా పైకి కడితే బండిని కిందికి నొక్కుతుంది తప్ప వెనక్కి జారకుండా ఆపలేదు. వెనక్కి జారకుండా ఆపాలంటే పట్టీ పడుకున్నట్టు, ముందుకు వాలి ఉండాలి. ఒకే బండికి ఒకవైపు నిటారు పట్టీలు, ఇంకోవైపు వాలు పట్టీలు కట్టి చూపండి. లారీ యూనియన్ వాళ్లో, గోదాముల్లో పనిచేసేవాళ్లో చూస్తే ఆగి మాట్లాడతారు. పట్టీలకు టైలరింగ్ దుకాణంలోని సన్నటి రిబ్బన్ కన్నా, మాస్కింగ్ టేపును సన్నగా కోసి రంగు వేస్తే నేత మందం సరిగా కుదురుతుంది.

ఒకచోట చూసుకోవడానికి

| దారి | కారణం కనబడుతుందా | ప్రాణనష్టం | తగిన స్కేలు | చోటు, ఖర్చు | పని కష్టం |
|---|---|---|---|---|---|
| ఒరిగిన ట్రాన్స్‌పోర్టర్ | బాగా | ఊహించిన సీను | 1/35 లేదా 1/72 | 1/35లో రెండూ ఎక్కువ | మధ్యస్థం |
| హోహెన్‌ఫెల్స్ | రెండు బండ్లు పెడితే | లేదు | 1/72 | తక్కువ | నలిగిన రేకు దగ్గర ఎక్కువ |
| సెల్సీ సెంటార్లు | కనబడదు | లేదు | 1/35 | మధ్యస్థం | రెజిన్ దగ్గర ఎక్కువ |
| ఫోర్స్ట్ జిన్నా | బాగా | ఆరుగురు | 1/87 | రైలు సామగ్రి ఉంటే తక్కువ | మధ్యస్థం |
| బగ్రామ్, నేల ముక్క | అన్నిటికన్నా బాగా | ఏడుగురు | 1/35 | మధ్యస్థం | తక్కువ, ఓపిక ఎక్కువ |

మీరు ఎవరన్నదాన్ని బట్టి

మొదటి ప్రమాద డయోరమా అయితే ఒరిగిన ట్రాన్స్‌పోర్టర్‌ను 1/72లో చేయండి. 1/35 డ్రాగన్ వ్యాగన్ చూసి మనసు పారేసుకునేవాళ్లు ఎక్కువ, నిజంగా అద్భుతమైన కిట్ కూడా. కానీ దానికి మొదటి ఆరు వారాలు చాసిస్ దగ్గరే గడిచిపోతాయి, బేస్ దగ్గరకు వచ్చేసరికి ఉత్సాహం తగ్గిపోతుంది. ప్రమాద డయోరమాలో మార్కులన్నీ నేల దగ్గరే ఉన్నాయి, కాబట్టి మీ ఓపికను అక్కడికోసం దాచుకోండి.

పోటీకి పెట్టేవాళ్లు హోహెన్‌ఫెల్స్ వైపు చూడండి. న్యాయనిర్ణేతలు తుప్పూ బురదా చూసి చూసి అలసిపోయి ఉంటారు. అల్యూమినియం మడతకూ ఫైబర్ పగులుకూ తేడా చూపించిన పని వాళ్ల కంట పడుతుంది.

పిల్లలతో కలిసి చేసే తల్లిదండ్రులకు, స్కూల్ సైన్స్ ఫెయిర్‌కు ఏదైనా కావాలనుకునే టీచర్లకు బగ్రామ్ నేల ముక్క చెప్తాను. విమానం పేరు, చావుల ప్రస్తావన కూడా అవసరం లేదు, "బరువును ఎలా కట్టాలి" అని చూపిస్తే భౌతికశాస్త్రం పాఠం అయిపోతుంది. స్ప్రింగు త్రాసు ఒకటి తగిలించి, ఏ కోణంలో పట్టీ ఎంత లాగుడును ఆపుతుందో పిల్లలే కొలవవచ్చు.

పెయింటింగ్, వెదరింగ్ (పాతబడిన, తుప్పుపట్టిన రూపం తేవడం) మీదే ప్రేమ ఎక్కువ ఉన్నవాళ్లకు సెల్సీ. కారణం కనబడదని పైన చెప్పాను, దాన్ని తెలిసి తెలిసీ వదులుకుని చేస్తే తప్పులేదు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉంటున్న మనవాళ్లకు కిట్ల ఖర్చు సమస్య కాదు, పెద్ద స్కేలు పెట్టుకునే చోటూ ఉంటుంది. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఉన్నవాళ్లయితే డైవింగ్ క్లబ్బుల వాళ్లతో మాట్లాడితే ఆ ట్యాంకుల ఇప్పటి పరిస్థితి గురించి ప్రత్యక్షంగా తెలుస్తుంది.

ఏది చేసినా క్షణం ఎంపికలో నా సలహా ఒకటే. ఢీకొట్టే క్షణం కన్నా, ఒక గంట తర్వాతి సీను ఎప్పుడూ మేలు. రికవరీ బండి వచ్చి కేబుల్ తగిలిస్తుంటుంది, ఒకడు చేతులతో సైగలు చేస్తుంటాడు, ఇంకొకడు తెగిన గొలుసు కొసను పట్టుకుని చూస్తుంటాడు. డ్రాగన్ వ్యాగన్‌కైతే వెనక పెద్ద వించ్‌లు కిట్‌లోనే ఉన్నాయి, ఒరిగిన ట్యాంకును లాగే పని దానికే అప్పగించవచ్చు. బొమ్మలకు చేయడానికి పని ఉంటుంది, నేల మీది గుర్తులు చెడిపోకుండా ఉంటాయి, చావును దగ్గరగా చూపించాల్సిన అవసరమూ రాదు.

నేమ్‌ప్లేట్ విషయంలో కచ్చితంగా ఉండండి. నిజమైన ఘటన అయితే ఊరు, తేదీ, చనిపోయినవారి సంఖ్య ఉంటే అదీ రాయండి, హాస్యపు శీర్షికలు పెట్టకండి. ఊహించి కట్టినదైతే "కల్పిత దృశ్యం" అని స్పష్టంగా వేయండి. నిజమైన సైనిక విభాగం గుర్తులు ఉన్న డెకాల్స్‌ను (బండికి అంటించే గుర్తుల స్టిక్కర్లు) కల్పిత ప్రమాదంలోని బండికి అంటించకండి. జరగని తప్పు ఆ విభాగం మీద పడుతుంది, ఫొటో బయటికి వెళ్లాక దాన్ని వెనక్కి తీసుకోలేం. అంకెలు మాత్రమే ఉన్న డెకాల్స్ చాలా కిట్లలో మిగులుతాయి, వాటిని వాడుకోండి.